"కిందున్నా" అన్న ఒక్క మాట

నాకు 23 ఏళ్ళు నిండేనాటికి నా బరువు 96 కిలోలు. ఎత్తు 170 సెంటీమీటర్లు కనుక బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి బరువును చూపే అంకె, 33 దాటింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 30 నుంచే ఊబకాయం మొదలవుతుంది. కాలేజీలో చేరిన రోజుల్లో నేను ఇలా లేను. సాయంత్రపు ఆటలు ఆగిపోయాయి, రోజంతా కూర్చుని చేసే ఉద్యోగం వచ్చింది, భోజనం వేళలు తప్పాయి, నిద్ర అర్ధరాత్రి దాటాక గానీ పట్టేది కాదు. ఇంట్లో అమ్మానాన్నలు పెట్టిన క్రమం సడలిపోయి, మనదంటూ ఒక క్రమం ఇంకా ఏర్పడని ఆ నాలుగైదేళ్ళలోనే చాలామందికి బరువు చేరుతుంది. నాకూ అలాగే చేరింది. నేను తగ్గాలని కోరుకోని మనిషి నా చుట్టూ ఒక్కరూ లేరు. అయినా నాతో కలిసి అడుగు వేసినవారు చాలాకాలం దాకా ఎవరూ లేరు. కోరుకోవడానికీ తోడుండడానికీ మధ్య ఎంత తేడా ఉందో నాకు అర్థమైన తీరును ఇక్కడ రాయాలనుకుంటున్నాను.

మందలిస్తే పట్టుదల పుడుతుందని పెద్దలు చాలామంది నిజంగానే నమ్ముతారు. "ఈ వయసులోనే ఇలా ఉంటే ముందుముందు ఎలారా?" అని అడిగిన ప్రతిసారీ ఆ గొంతులో నా మీద ఉన్న బెంగ నాకు వినిపించేది. కానీ ఆ మాట పడిన రాత్రి నేనేం చేసేవాడినో కూడా నాకు బాగా గుర్తుంది: గది తలుపు వేసుకుని, ఆకలి లేకపోయినా, ఎవరూ చూడకుండా తినేవాడిని. నా ఒక్కడి బలహీనతే అనుకున్నాను. తరువాత తెలిసింది, 2014లో ఇంగ్లండు నుంచి ఒక పరిశోధన వెలువడిందని. 50 ఏళ్ళు దాటిన దాదాపు 3,000 మంది బరువును నాలుగేళ్ళ తేడాతో పోల్చి చూస్తే, బరువు కారణంగా చిన్నచూపుకు గురయ్యామన్నవారు సగటున కిలోకు దగ్గరగా పెరిగారు, అలాంటి అనుభవం లేదన్నవారు 0.7 కిలో తగ్గారు. ఇది పరిశీలన మాత్రమే కనుక చిన్నచూపు వల్లనే పెరిగారని తేల్చి చెప్పలేము. పైగా వాళ్ళది మన వయసు కాదు. అయినా అవమానం మనిషిని తగ్గిస్తుందన్న నమ్మకానికి అందులో ఏ ఆధారమూ కనిపించదు.

మొదట చేరిన జిమ్‌లో శిక్షకుడు పదిమంది ముందు నా నడుము కొలిచి, ఆ అంకెను గట్టిగా చదివి, పక్కనున్న కుర్రాడి చేత రాయించాడు. అతని ఉద్దేశం చెడ్డది కాకపోవచ్చు. తొమ్మిదో రోజు నుంచి నేను వెళ్ళడం మానేశాను.

ఆ తరువాత ఒంటరిగా, ఎవరికీ చెప్పకుండా, తిండి బాగా తగ్గించి చూశాను. రెండు వారాల్లో 4 కిలోలు తగ్గితే లోకాన్ని గెలిచినంత సంబరపడ్డాను. మూడో వారంలో తూకం ముల్లు కదల్లేదు, నాలుగో వారంలో అర కిలో పెరిగింది, అయిదో వారానికి అంతా వదిలేశాను. అప్పుడు నాకు తెలియని విషయం ఒకటుంది. మన కాలేయంలోనూ కండరాల్లోనూ గ్లైకోజెన్ అనే రూపంలో పిండిపదార్థం నిలవ ఉంటుంది, దాని ప్రతి గ్రాముతో పాటు సుమారు 3 గ్రాముల నీరు పట్టి ఉంటుంది. తిండి తగ్గించగానే ముందుగా ఖర్చయ్యేది ఆ నిలవ, దానితో పోయేది ఆ నీరు. కాబట్టి మొదటి వారాల్లో తగ్గినదంతా కొవ్వు కాదు, తరువాత ముల్లు ఆగడం నా ఓటమీ కాదు. ఈ రెండు ముక్కలు చెప్పే మనిషి ఒక్కరు పక్కన ఉండి ఉంటే నేను అయిదో వారంలో మానేసేవాడిని కాదని ఇప్పటికీ అనుకుంటాను. సమాచారం ఎక్కడైనా దొరుకుతుంది. ముల్లు కదలని రోజున దాన్ని గుర్తుచేసే మనిషి అంత సులభంగా దొరకడు.

నాకు దొరికినవాడు రెండు వీధుల అవతల ఉండే సహోద్యోగి. అతనికి బరువు సమస్య లేదు, నిద్ర సమస్య ఉంది; పొద్దున్నే నడిస్తే రాత్రి నిద్ర పడుతుందేమోనని ఆశ. "ఒక్కడినే వెళ్ళాలంటే బద్ధకంగా ఉంది, వస్తావా?" అని అడిగాడు. బరువు మాట ఎత్తలేదు. మర్నాడు ఆరింటికి పది నిమిషాల ముందు ఫోన్‌లో ఒకే ఒక్క మాట వచ్చింది: "కిందున్నా." మెట్లు దిగి వెళ్ళాను. గేటు దగ్గర బూటు లేసు ఊడితే వంగి కట్టుకోబోయాను, పొట్ట అడ్డం వచ్చి ఊపిరి ఆడలేదు, లేచి నిలబడి మళ్ళీ వంగాను. అతను అది చూశాడు. ఏమీ అనకుండా తనూ కూర్చుని, చక్కగా కట్టి ఉన్న తన లేసును విప్పి, నిదానంగా మళ్ళీ కట్టుకోవడం మొదలుపెట్టాడు. నేను ముడి వేసేదాకా అతని ముడి పూర్తి కాలేదు. ఆ రోజు మేము నడిచింది ఇరవై నిమిషాలే. కానీ రెండో రోజు నేను దిగి వెళ్ళింది బరువు తగ్గాలన్న కోరికతో కాదు. ఒక మనిషి కింద చలిలో నిలబడి ఉన్నాడు కనుక వెళ్ళాను.

ప్రేరణ ముందు పుట్టి, ఆ తరువాత మనల్ని నడిపిస్తుందని నేను అంతవరకూ అనుకునేవాడిని, అది రానందుకు నన్ను నేనే నిందించుకునేవాడిని. నా విషయంలో వరస తలకిందులుగా జరిగింది. 1999లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనం చదివినప్పుడు ఇది నా ఒక్కడి సంగతి కాదనిపించింది. ఒంటరిగా చేరి బరువు తగ్గించే మామూలు కార్యక్రమం మాత్రమే పొందినవారిలో 76 శాతం మంది దాన్ని పూర్తి చేయగా, స్నేహితులతో కలిసి చేరి, పరస్పర సహకారానికి అదనంగా శిక్షణ పొందినవారిలో 95 శాతం మంది పూర్తి చేశారు. నాలుగో నెల నుంచి పదో నెల దాకా తగ్గిన బరువును పూర్తిగా నిలుపుకున్నవారు మొదటి వర్గంలో 24 శాతం, రెండో వర్గంలో 66 శాతం. తగ్గడం కంటే నిలుపుకోవడంలోనే తోడు విలువ ఎక్కువగా కనిపిస్తోందన్నది నేను ఆ అంకెల్లో చూసిన ముఖ్యమైన విషయం.

అయితే తోడు దానంతట అది దొరకాలని ఎదురుచూస్తూ కూర్చోనక్కర్లేదు. అడగవచ్చు, కాకపోతే ఏం కావాలో స్పష్టంగా అడగాలి. "నాకు సాయం చెయ్యి" అంటే ఇంట్లోవాళ్ళు తమకు తెలిసిన సాయమే చేస్తారు, అంటే మళ్ళీ మందలిస్తారు. అక్కతో ఒక ఆదివారం కూర్చుని చెప్పాను: "అక్కా, బరువెంత అని అడగొద్దు. ఈ వారం ఎన్ని రోజులు నడిచావని మాత్రం అడుగు." బరువు నా చేతిలో ఉండదు, నడక నా చేతిలో ఉంటుంది, నా చేతిలో ఉన్నదాని గురించి అడిగితే జవాబు చెప్పే ధైర్యం నాకు ఉంటుంది. అమ్మతో మాట్లాడడం ఇంకా కష్టమైంది, ఎందుకంటే కంచంలో మరో గరిటె వడ్డించడమే ఆమె ప్రేమ. నా కంచంలో నేనే వడ్డించుకుంటానని చెప్పిన రోజు ఆమె ముఖం చిన్నబోయింది. వంటింట్లో పక్కన నిలబడి కూరగాయలు తరుగుతూ మాట్లాడడం మొదలుపెట్టాక ఆ వెలితి కొంత తీరింది. ఈ సంభాషణలు ఒక్కసారితో అయిపోవు. నేను మా ఇంట్లో మూడుసార్లయినా చెప్పి ఉంటాను, మూడోసారి కూడా గొంతు వణికింది.

నడక మొదలైన నెలకు వైద్యుడి దగ్గరకు వెళ్ళాను. నిజానికి ముందే వెళ్ళి ఉండాల్సింది. థైరాయిడ్ లోపం, కొన్ని రకాల మందులు బరువు పెంచుతాయి కనుక వాటిని విచారించి, రక్తపోటు, చక్కెర చూశారు. రక్తపోటు హద్దు మీద ఉంది. అప్పుడు ఆయన చెప్పిన లక్ష్యం విని ఆశ్చర్యపోయాను, ఎందుకంటే నేను మనసులో పెట్టుకున్న 65 కిలోల ఊసే ఎత్తలేదు: ముందు 5 నుంచి 10 శాతం తగ్గితే చాలు, రక్తపోటులోనూ చక్కెరలోనూ మేలు కనిపించడం మొదలవుతుందన్నారు. అమెరికాలో మధుమేహం ముంగిట ఉన్న 3,000 మందికి పైగా పాల్గొని, 2002లో ఫలితాలు వెలువడిన పెద్ద పరిశోధనలో జీవనశైలి మార్చుకున్న వర్గానికి పెట్టిన లక్ష్యం కూడా 7 శాతం బరువు, వారానికి 150 నిమిషాల వ్యాయామమే. వాళ్ళకు మధుమేహం వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. ఆ వర్గంలో ప్రతి ఒక్కరికీ మార్గదర్శి ఉండేవారని, మొదటి 24 వారాల్లో 16 పాఠాలు ముఖాముఖి నేర్పారని చెప్పుకోవడం తక్కువ. నా లెక్కలో 7 శాతం అంటే ఏడు కిలోలు కూడా కాదు. ఆ అంకె వినగానే గుండెల మీద నుంచి బరువు దిగినట్టయింది.

వర్షాలు వచ్చాయి, జ్వరం వచ్చింది, తొమ్మిది రోజులు నడక లేదు. మునుపటి నేనైతే అక్కడితో కథ ముగించేవాడిని. అలవాట్ల మీద లండన్‌లో జరిగి 2010లో అచ్చయిన అధ్యయనం ప్రకారం, ఒక పని అప్రయత్నంగా జరిగే అలవాటుగా మారడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది, కొందరికి 18, మరికొందరికి 254. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద తేడా రాలేదు. నావి తొమ్మిది రోజులు కనుక ఆ ఓదార్పు నాకు పూర్తిగా వర్తించదు. పదో రోజు పొద్దున్న ఫోన్ వెలిగి "కిందున్నా" అని కనిపించడం మాత్రం వర్తించింది.

ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. తిన్నాక కావాలని వాంతి చేసుకోవడం, రోజుల తరబడి పస్తులుండడం, దాచుకుని అదుపు లేకుండా తినడం ఎవరిలోనైనా ఉంటే, వాళ్ళకు కావలసినది నడక తోడు కాదు, బరువు లక్ష్యం అసలే కాదు. వైద్యుడు, మానసిక నిపుణుడు కావాలి. తలుపు వేసుకుని తిన్న నా రాత్రుల గురించి నేను వైద్యుడికి చెప్పగలిగింది మూడో సందర్శనలోనే. మొదటిసారే చెప్పి ఉండాల్సిందని ఇప్పుడు అనిపిస్తుంది.

రెండేళ్ళలో 96 నుంచి 82కు వచ్చాను. మధ్యలో 86 దగ్గర నాలుగు నెలలు ఆగిపోయాను. బరువు తగ్గేకొద్దీ శరీరం విశ్రాంతిలో ఖర్చు చేసే శక్తి తగ్గుతుందనీ, కొవ్వు కణాల నుంచి వచ్చి ఆకలిని అదుపులో ఉంచే లెప్టిన్ అనే హార్మోను తగ్గి ఆకలి పెరుగుతుందనీ తెలిసి ఉండడం వల్ల ఈసారి భయపడలేదు. అక్క మాత్రం ప్రతి ఆదివారం అదే ప్రశ్న అడిగింది: ఎన్ని రోజులు నడిచావు? అయిదు అన్నాను, నాలుగు అన్నాను, ఒక వారం ఒకటి అన్నాను. ఒకటి అన్న వారం ఆమె "సరే" అని ఊరుకుని, వేరే కబుర్లలోకి వెళ్ళిపోయింది.

ఆ స్నేహితుడికి గడిచిన ఏడాది బదిలీ అయింది. వెళ్ళిన మొదటి మూడు వారాలు నేను నడవలేకపోయాను. ఒకే మనిషి మీద అంత ఆనుకున్నానని అప్పుడే తెలిసింది. ఇప్పుడు వారంలో మూడు రోజులు అతను అక్కడ, నేను ఇక్కడ ఫోన్ చెవిలో పెట్టుకుని నడుస్తాం, ఆదివారం అక్క వస్తుంది, మిగతా రోజుల్లో ఒక్కడినే దిగుతాను. నిద్ర కాస్త మెరుగైందని, మందు లేకుండానే ఆరు గంటలు పడుతోందని మొన్న చెప్పాడు. తన నిద్ర గురించి నేను అడగడం మొదలుపెట్టి అప్పటికి ఎన్ని నెలలైందో గుర్తు చేసుకుంటూ ఆ పొద్దున ఇంకో చుట్టు ఎక్కువ నడిచాను.