కోఠి రెసిడెన్సీ: కట్టించినవారు, ఏలినవారు, చదువుకున్నవారు

కోఠి బస్టాండు రద్దీని దాటి మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలో అడుగుపెట్టగానే, మూసీకి వీపు పెట్టి ఉత్తరాభిముఖంగా నిలిచిన రెసిడెన్సీ భవనం, ఆరు కొరింథియన్ స్తంభాలతో, మెట్లకు అటూ ఇటూ కూర్చున్న రెండు సింహాలతో ఎదురైంది. హైదరాబాదులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధిగా, అంటే రెసిడెంటుగా ఉన్న జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ దీన్ని తలపెట్టాడు. మద్రాసు ఇంజనీరు శామ్యూల్ రస్సెల్ రూపకల్పన చేశాడు. ఖర్చు మాత్రం నిజాం ఖజానాది. స్థలం అడుగుతూ చూపిన పెద్ద పటాన్ని చూసి నిజాం అలీఖాన్ కాదన్నాడనీ, అదే పటాన్ని చిన్న కాగితంపై గీసి చూపితే సరేనన్నాడనీ ఒక కథ ప్రచారంలో ఉంది. డబ్బు ఒకరిది, అధికారం మరొకరిది అయిన ఈ ఇంటి చరిత్రకు అది తగిన ఆరంభమే అనిపించింది.

నన్ను ఎక్కువసేపు నిలిపినది మాత్రం వెనుక తోటలో ఉన్న భవనపు చిన్న నమూనా. స్తంభాలు, కిటికీలు, ముఖమండపం అన్నీ బొమ్మరిల్లంత కొలతలో ఉన్నాయి. నిజాం కొలువులో ప్రముఖుడైన మీర్ ఆలంకు బంధువైన ఖైరున్నిసాను కిర్క్‌పాట్రిక్ పెళ్లాడాడు. పరదా పాటించే ఆమె రంగ్ మహల్ అనే జనానాలో, అంటే స్త్రీల నివాసంలో ఉండేది. ముందువైపుకు రాలేని ఆమె భవనమంతా చూసుకోవాలని దీన్ని చేయించాడని చెబుతారు. 1805లో వారి పిల్లలిద్దరినీ ఇంగ్లండుకు పంపేశారు. అదే ఏడాది కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో మరణించాడు. తన కలల సౌధంలో కాపురం చేసే యోగం అతనికి దక్కనే లేదు. రంగ్ మహల్‌ను తర్వాతివారు కూల్చేశారు. ఆమెకు ఈ ఆవరణలో మిగిలిన ముఖ్యమైన గుర్తు ఈ నమూనాయే కనుక, మెట్ల మీది సింహాలకంటే ముందు దీన్నే చూడమని నేనంటాను.

1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో ఆంగ్లేయులపై తిరగబడ్డ రోహిల్లాలు (అఫ్ఘాన్ మూలాలున్న యోధులు) ఈ రెసిడెన్సీపైనే దాడి చేశారు. ఆంగ్లేయులు 1947 దాకా ఇక్కడి నుంచే సంస్థానంపై పెత్తనం సాగించారు.

1949లో ఉస్మానియా మహిళా కళాశాల ఇందులోకి మారింది. దశాబ్దాలపాటు దర్బారు హాలు చుట్టూ పాఠాలు సాగాయి. పైకప్పులు కారినా, గచ్చు రాలినా అమ్మాయిల రాకపోకలు ఆగలేదు. వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ తోడ్పాటుతో జరిగిన మరమ్మతులు ఇప్పుడు భవనానికి ప్రాణం పోశాయి. తాళం పడి పాడుబడ్డ ఎన్నో దేవిడీల (నవాబుల భవంతుల) గతి దీనికి పట్టకపోవడానికి సగం కారణం ఆ విద్యార్థినులేనని నా గట్టి నమ్మకం.