చింపాంజీల సంరక్షణలో సగం పని తలుపులదే

జంతువులతో పనిచేయాలని ఉబలాటపడే మన కుర్రాళ్లు, ఆంధ్రా యూనివర్సిటీలో జువాలజీ వాళ్లైనా గరివిడిలో వెటర్నరీ వాళ్లైనా, చింపాంజీ సంరక్షణ అనగానే పాలసీసా పట్టుకున్న పిల్లనే ఊహించుకుంటారు. ఆ దశ ఉంటుంది, కాదనను. ఆఫ్రికాలో మాంసం కోసం తల్లిని చంపేసి పిల్లను అమ్మకానికి తెస్తారు. అలా దొరికిన పిల్లను నెలల తరబడి రాత్రింబగళ్లు ఎవరో ఒకరు ఒంటికి హత్తుకుని ఉండాలి. అడవిలో అయితే అది నాలుగైదేళ్లు తల్లి పాలు తాగేది. కానీ ఇంకొన్నేళ్లకే అది మనిషిని అలవోకగా పడదోయగలదు. ఆ తర్వాత మరో నలభై ఏళ్లు బతుకుతుంది. ఆ నలభై ఏళ్లూ దానికీ మనకూ మధ్య జాలీ ఉంటుంది, ఉండాలి కూడా. అసలు పని అక్కడే మొదలవుతుంది.

ఏం తినాలో, ఎక్కడ పడుకోవాలో, ఎవరితో ఉండాలో అన్నీ ఇంకొకరే నిర్ణయించిన ప్రాణి అది. దానికి ‘నాకు వద్దు’ అనే వీలు తిరిగి కల్పించడమే ఈ పనంతా. అందుకు జాలి ఒక్కటే సరిపోదు. తలుపులు ఎలా పెట్టాం, తిండి ఎలా పంచాం, సూది ఎలా వేశాం అన్నదాంట్లో ఆ వీలు కనిపించాలి.

ముందు అవి ఎక్కడినుంచి వస్తాయో తెలియాలి. అమెరికా ప్రయోగశాలల్లో పెద్ద చింపాంజీకి నిబంధనల ప్రకారం ఇవ్వాల్సిన కనీస జాగా సుమారు 25 చదరపు అడుగులు, ఎత్తు 7 అడుగులు. అంటే ఐదడుగులకు ఐదడుగుల బోను. హెపటైటిస్, హెచ్ఐవీ పరిశోధనల పేరుతో దశాబ్దాలు బోనుల్లోనే గడిపినవి ఉన్నాయి. 2000లో అక్కడ చట్టం వచ్చి, పరిశోధనకు అక్కర్లేని చింపాంజీలకు విశ్రాంత జీవితం ఏర్పాటు చేయాలంది. 2002లో న్యూమెక్సికోలోని కూల్‌స్టన్ ల్యాబ్ చేతులెత్తేస్తే 266 చింపాంజీల బాధ్యతను ‘సేవ్ ద చింప్స్’ సంస్థ నెత్తిన వేసుకుంది. ఫ్లోరిడాలో నీటి కాలవల మధ్య పన్నెండు దీవులు కట్టి, వాటిని గుంపులు గుంపులుగా అక్కడికి తరలించింది. లూసియానాలో ‘చింప్ హేవెన్’ అనే సంరక్షణ కేంద్రం 2005 నుంచి వీటిని తీసుకుంటోంది. 2015లో అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ ఈ రకం పరిశోధనలకు పూర్తిగా స్వస్తి చెప్పింది.

మనదేశంలో ప్రయోగశాల చింపాంజీల సమస్య అంతగా లేదు, స్మగ్లింగ్ సమస్య ఉంది. 2019లో కోల్‌కతాలో ఈడీ మనీలాండరింగ్ చట్టం కింద మూడు చింపాంజీలను, నాలుగు మార్మోసెట్లను (చిన్నసైజు విదేశీ కోతులు) జప్తు చేసింది. అవి అలీపూర్ జూకి చేరాయి. వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణతో విదేశీ జంతువులను ఉంచుకునేవాళ్లు నమోదు చేయించుకోక తప్పదు. కాబట్టి పట్టుబడేవి ఇంకా ఉంటాయి. పట్టుబడ్డ జంతువును ఎక్కడ పెట్టాలన్నదే ప్రతిసారీ చిక్కుముడి. సర్కస్ సింహాల విషయంలో ఈ ప్రశ్నకు మన ఊరు విశాఖ ఒకసారి జవాబు చెప్పింది. 1998లో కేంద్రం సింహాలు, పులులు, ఎలుగులు, కోతుల ప్రదర్శనలను నిషేధించాక, దేశంలో వాటికోసం పెట్టిన కొన్ని రెస్క్యూ సెంటర్లలో ఒకటి మన జూ పక్కనే వచ్చింది.

ఇక తలుపుల సంగతి. రాత్రి పడుకునే గదులు ఒకదాని వెంట ఒకటి గొలుసులా ఉండాలి. ప్రతి గదికీ కనీసం రెండు దారులుండాలి. ఒకటే తలుపున్న గదిలో గొడవ జరిగితే బలహీనమైనది మూలకు చిక్కుతుంది, వేళ్లు, చెవులు, కాలివేళ్లు పోగొట్టుకుంటుంది. రెండు తలుపులుంటే గుండ్రంగా పరుగెత్తి తప్పించుకుంటుంది. తలుపు పక్కకు జరిగే రకమైనా, పైకి లేచే రకమైనా, దాన్ని నడిపేవాళ్లకు గడప పూర్తిగా కనబడాలి. కనబడకపోతే ఎవరి వేళ్లో నలుగుతాయి. పరిచిన గడ్డి తలుపు జరిగే గాడిలో, అంటే పట్టాలో ఇరుక్కుంటే తలుపు బిగుసుకోదు. చూపుకి మూసినట్టే ఉంటుంది కానీ తాళం కొక్కెం అందదు. అందుకే రోజూ ముందు పట్టా ఊడ్చి, తర్వాతే తలుపు కదపాలి. చింపాంజీలు కూడా ఇది కనిపెడతాయి. కర్రముక్కో, దుంపో పట్టాలో దోపి మన మొహం వంక చూస్తూ కూర్చుంటాయి.

మనిషి లోపలికి వెళ్లేముందు పద్ధతి ఇది. ప్రతి చింపాంజీ ఏ గదిలో ఉందో పేరుపేరునా చూసి పైకి చెప్పాలి. ‘అన్నీ ఉన్నాయిలే’ అనుకుంటే కుదరదు. ప్రతి తలుపుకీ రెండు తాళాలు వేయాలి. వేసినవాళ్లు ఒక్కోటీ లాగి చూడాలి, రెండో మనిషి వచ్చి మళ్లీ లాగి చూడాలి. ఆ తర్వాతే కీపర్ తలుపు తెరవాలి. నడవాలో జాలీకి మూడడుగుల దూరంలో నేల మీద ఎర్రగీత ఉంటుంది, తెలియనివాళ్లు దాన్ని దాటకూడదు. జాలీ కన్ను రెండంగుళాలుంటే చేయి బయటికి రాదు కానీ వేళ్లు వస్తాయి, ఆ వేళ్లకు చొక్కా చిక్కితే చాలు. ఈ రంగంలో ప్రమాదాలు కొత్తవాళ్ల వల్లే జరుగుతాయనుకోకండి. పదేళ్ల అనుభవంతో రెండోసారి లాగి చూడటం మానేసినవాళ్ల వల్లా జరుగుతాయి.

పిలిస్తే లోపలికి రాకపోతే? ఆకలితో మాడ్చి రప్పించకూడదు. నీళ్ల పైపు పట్టి తరమడం మరీ ఘోరం. ల్యాబుల్లో లోపల ప్రాణి ఉండగానే బోను కడిగేవాళ్లు, ఆ పైపు చప్పుడుకే వణికేవి ఉన్నాయి. వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి చేతికివ్వాలి. వచ్చిన ప్రతిసారీ తలుపు మాత్రం మూయకూడదు. చాలాసార్లు తాయిలమిచ్చి, తిరిగి బయటికి పోనిస్తే, లోపలికి రావడమంటే బందీ కావడం కాదని దానికి తెలుస్తుంది. ఆరోజు శుభ్రం చేయడం సాయంత్రానికి వాయిదా పడితే పడనివ్వండి.

బయటికి వదిలేటప్పుడూ ఇంతే. ముప్పై ఏళ్లు సిమెంటు, ఇనుము తప్ప ఎరగని చింపాంజీకి పచ్చగడ్డి పండగ కాదు, బెదురు. గడప మీద కూర్చుంటుంది. పిడికిలి వెనకభాగం గడ్డికి ఇలా తాకించి చటుక్కున వెనక్కి లాక్కుంటుంది, వేళ్లు వాసన చూసుకుంటుంది, పక్కదాన్ని వాటేసుకుంటుంది. ఆ సమయంలో వెనక తలుపు మూయడం కన్నా పెద్ద తప్పు లేదు. తలుపు తెరిచే ఉంచాలి. గడప నుంచి మొదటి చెక్క మంచె దాకా నేల మీద కాలు పెట్టకుండా పోయేలా దుంగో, తాడో వేయాలి. కొన్ని గంటలో దిగుతాయి, కొన్ని నెలలు తీసుకుంటాయి, కొన్ని ఎప్పటికీ గడ్డిలోకి పోవు. అది వాటి ఇష్టం.

తిండి విషయంలో మనవాళ్ల మొదటి తప్పు అరటిపండు. సాగు చేసిన పళ్లలో చక్కెర ఎక్కువ, పీచు తక్కువ. చింపాంజీ అడవిలో తినే పళ్లు అలా ఉండవు. పళ్లు దండిగా పెట్టిన చోట ఊబకాయం, షుగరు, పుచ్చిన దంతాలు. పెద్దదానికి రోజుకు రెండుమూడు కిలోల ఆకులు, కూరగాయలు ఆధారం కావాలి. దాంతోపాటు కోతిజాతికి చేసిన పోషక బిస్కెట్లు లెక్కగా ఇవ్వాలి. మనలాగే వాటి ఒంట్లోనూ విటమిన్ సీ తయారు కాదు. నిల్వ బిస్కెట్లలో అది తగ్గిపోతుంది కాబట్టి పొట్లం మీద తేదీ చూడాలి. మన రైతుబజారులో దొరికేవాటిలో దోసకాయ, బీరకాయ, ఆనపకాయ, క్యాబేజీ, చిక్కుడు, మునగాకు బాగా పనికొస్తాయి. తోటకూర, పాలకూర మార్చిమార్చి పెట్టాలి కానీ రోజూ వద్దు, ఆక్సలేట్లు ఎక్కువ. చిలగడదుంప కొంచెమే. మర్రి, రావి, మేడి కొమ్మలు ఆకులతో సహా వేయొచ్చు. మేడిపళ్లంటే చింపాంజీలకు ఎక్కడైనా ప్రాణం.

ఎంత పెట్టామన్నదానికంటే ఎంతసేపు తిన్నాయన్నది ముఖ్యం. అడవిలో మెలకువగా ఉన్న సమయంలో సుమారు సగం తిండి వెతుకులాటకే పోతుంది. పళ్లెంలో పోస్తే పది నిమిషాల్లో అయిపోతుంది. మిగతా రోజంతా ఊగుతూ కూర్చోవడం, వెంట్రుకలు పీక్కోవడం, తిన్నది కక్కి మళ్లీ తినడం మొదలవుతాయి. అందుకే రోజుకు నాలుగైదుసార్లు, గడ్డిలోకి, మంచెల మీదికి వెదజల్లాలి. ఒకేచోట కుప్ప పోస్తే పెద్ద మగది కూర్చుని తింటుంది, చిన్నవి చూస్తూ ఉంటాయి. సిమెంటు దిమ్మెలో పైపులు దింపి అడుగున ఆవపిండి పేస్టో, ఉడికించిన పప్పో పెడితే పుల్లలు దోపి చెదలు తీసినట్టు తీసుకుంటాయి. పైపు రోజూ కడగగలిగేలా వెనకనుంచి ఊడిరావాలి. లేకపోతే వారంలో బూజు పట్టి విరేచనాలు తప్పవు.

ప్రతి రాత్రీ చింపాంజీ పక్క వేసుకుంటుంది. ఎండుగడ్డి, ఆకుల కొమ్మలు, పాత దుప్పట్లు ఎత్తైన పలక మీదికి తీసుకెళ్లేలా ఇవ్వాలి. అగ్నిమాపక వాళ్లు పక్కన పడేసిన క్యాన్వాస్ పైపులతో అల్లిన ఊయలలు చాలాకాలం మన్నుతాయి. ఫిషింగ్ హార్బర్‌లో చవగ్గా దొరుకుతాయని పాత వలలు తెచ్చి కట్టకండి. వేళ్లు చిక్కుకుని రక్తం ఆగిపోతుంది, పిల్లల మెడకు బిగుస్తుంది. లావు మోకులు మంచివే, పురి విడి పోగులు లేచిన రోజే మార్చేయాలి.

సూది దగ్గరికి వద్దాం. ల్యాబు నుంచి వచ్చినవాటికి మత్తు తుపాకీ అంటే చచ్చేంత భయం. మంచి కేంద్రాల్లో తుపాకీ చివరి మార్గం. భుజమో తొడో జాలీకి ఆనిస్తే బహుమతి. తర్వాత వేలితో తాకి బహుమతి, తర్వాత మొండి సిరంజితో, తర్వాత ఉత్త సూదితో, చివరికి మందుతో. ఒక్కో మెట్టుకు రోజులు, వారాలు. మధ్యలో లేచి వెళ్లిపోతే పోనివ్వాలి. పోనిచ్చినదే మళ్లీ వస్తుంది. ఈ పద్ధతిలోనే రోజూ ఇన్సులిన్ వేయించుకునేవి ఉన్నాయి. బందీ చింపాంజీల చావుకు అతిపెద్ద కారణం గుండెజబ్బు, గుండె కండరంలో పీచు పేరుకోవడం. ఛాతీని జాలీకి ఆనించడం నేర్పితే మత్తు లేకుండానే ఎకో తీయొచ్చు. గుండెజబ్బున్న ముసలిదానికి మత్తే ప్రమాదం కనుక ఈ శిక్షణ ప్రాణం నిలబెడుతుంది.

కొత్తదాన్ని గుంపులో కలపడం అన్నిటికంటే కష్టం. ముందు దూరం నుంచి చూపు, తర్వాత జాలీ గుండా వేళ్లు, పెదాలు తాకే దగ్గర. ఒకరి వెంట్రుకలు ఒకరు వెతుక్కోవడం మొదలైతే మంచి సూచన. అప్పుడు గుంపులో శాంతంగా ఉండే ఒక్కదానితో కలపాలి. వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఊగుతుంటే ఆరోజుకు చాలు. పళ్లన్నీ బయటపెట్టి ఇకిలిస్తే అది నవ్వు కాదు, భయం. సినిమాల్లో ‘నవ్వే’ చింపాంజీలు చాలావరకు అలా భయపడినవే. చిన్న కొట్లాటకు తలుపులు వేసి విడదీస్తే సమస్య తేలకుండా ఉండిపోతుంది. కరిచాక వచ్చి వాటేసుకుంటాయా లేదా అన్నది చూడాలి, ఆ రాజీ కోసం ఆగాలి.

మన జలుబు వాటికి మృత్యువు. 2013లో ఉగాండాలోని కిబాలే అడవిలో, మనకు ముక్కు కారడంతో సరిపోయే రైనోవైరస్ సీ ఒకే గుంపులో ఐదు చింపాంజీలను చంపింది. ముక్కు చీదే కీపర్ ఆరోజు సెలవు పెట్టాలి, ఆ సెలవుకు జీతం కోయకూడదు. కోస్తే జబ్బు దాచి వస్తారు, పేదవాళ్లను తప్పుపట్టి లాభం లేదు. మాస్కు, గ్లవ్స్ రోజూ వేసుకోవాలి, సిబ్బందికి టీబీ పరీక్ష క్రమం తప్పకుండా చేయాలి. కొత్తగా వచ్చిన చింపాంజీని గుంపుకు దూరంగా ఉంచి, వరుసగా మూడు టీబీ పరీక్షలు నెగటివ్ వచ్చేదాకా ఆగాలి. చర్మపరీక్షను పైరెప్పలోనే వేయడానికి కారణం ఉంది. వాపు వస్తే దూరం నుంచే కనబడుతుంది, చూడటానికి మళ్లీ మత్తు ఇవ్వక్కర్లేదు.

సంరక్షణ కేంద్రంలో పిల్లలు పుట్టకూడదు. పుట్టిన ప్రతి పిల్లా జైల్లో పుట్టినట్టే, పైగా బయట ప్రమాదంలో ఉన్న ఇంకొకదాని చోటు తీసుకుంటుంది. మగవాటికి వేసెక్టమీ చేస్తారు, కానీ అది అరుదుగా విఫలమవుతుంది. అందుకే చాలాచోట్ల ఆడవాటికి మాత్రలో, లూపో కూడా వాడతారు.

ఇదంతా విశాఖ లాంటి తీరంలో చేయాలంటే ఇంకొన్ని తోడవుతాయి. ఉప్పుగాలికి జాలీ వెల్డింగు దగ్గరే ముందు తింటుంది. పెయింటు పైన బాగున్నా అడుగున పొడి అయిపోతుంది. నెలకోసారి ప్రతి అతుకునూ చిన్న సుత్తితో కొట్టి వినాలి, ఖణేల్‌మనకుండా మొద్దుగా మోగితే మార్చాలి. కొత్తగా కట్టేవాళ్లు 304 రకం కాక 316 రకం స్టెయిన్‌లెస్ వాడితే ఖర్చు ఎక్కువైనా క్లోరైడుకు నిలుస్తుంది. కరెంటు కంచె ఇన్సులేటర్ల మీద ఉప్పు పేరుకుంటే కరెంటు నేలలోకి కారిపోతుంది. వోల్టేజి రోజూ కొలిచి రాయాలి, ఇన్సులేటర్లను మంచినీళ్లతో తుడవాలి. నీటి కందకం పెడితే చింపాంజీల వైపు అంచు ఏటవాలుగా ఉండాలి, పట్టుకుని పైకొచ్చే మోకు వేలాడాలి. చింపాంజీలకు ఈత రాదు, నిలువు గట్టయితే మునిగిపోతాయి. కంబాలకొండ అడవి వైపునుంచి దిగే కోతులను రానివ్వకూడదు. టీబీ, హెర్పిస్ బీ వైరస్ లాంటివి తెస్తాయి, చింపాంజీలు వాటిని పట్టి చంపి తింటాయి కూడా. తిండి మిగులు సాయంత్రానికల్లా ఎత్తేస్తే కోతుల రాక సగం తగ్గుతుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఊళ్లో చెట్లన్నీ ఏమయ్యాయో అందరం చూశాం. కంచె మీదికి పడ్డ చెట్టు చింపాంజీకి వంతెన. పడితే కంచెకు అందేంత దగ్గరలో పెద్ద చెట్టు ఉండనివ్వకూడదు, ఉంటే ముందే కొమ్మలు కొట్టాలి. హెచ్చరిక రాగానే, గాలి మొదలవకముందే, తాయిలాలతో లోపలికి రప్పించాలి. గాలి మొదలయ్యాక ఏదీ పిలుపుకు రాదు. పదిరోజులకు సరిపడా బిస్కెట్లు, నీళ్ల ట్యాంకు, జనరేటరుకు డీజిలు ఉండాలి. కరెంటుతో నడిచే తలుపులకు చేత్తో తిప్పే ఏర్పాటు తప్పనిసరి, దాన్ని మామూలు రోజుల్లోనే తిప్పి చూసి ఉండాలి. తుపాను వెళ్లాక ఇద్దరు మనుషులు కంచె చుట్టూ పూర్తిగా నడిచి, వోల్టేజి కొలిచి, పడ్డ కొమ్మలన్నీ తీయించేదాకా, అవి ఎంత అరిచి గోల చేసినా బయటి తలుపు తీయకూడదు.