పాస్టరమ్మ అంటే నేను కాదు

2025 అక్టోబరు సెలవుల్లో మా అమ్మాయిని విశాఖ తీసుకొచ్చాను. పద్నాలుగేళ్ళ పిల్ల, పుట్టి పెరిగింది ఇంగ్లండులో. మహారాణిపేటలో మా అమ్మ ఇంటికొచ్చిన చుట్టాలందరినీ ఒకటే అడిగింది: "మా అమ్మని చర్చిలో ఏమని పిలవాలి?"

ఎవరూ చెప్పలేకపోయారు. పాస్టరుగారిని మనం అయ్యగారంటాం. ఆయన భార్య అమ్మగారు, లేకపోతే పాస్టరమ్మ. నేను పాస్టరుగా అభిషేకం పొంది, చర్చిలో ప్రభువు బల్ల దగ్గర నిలబడి రొట్టె విరుస్తున్నదాన్ని. నాకు మన వీధిలో మాట లేదు.

సిస్టరమ్మ అన్న మాట మాత్రం మొదటి రోజే దొరికింది. నా నర్సు ట్రైనింగు విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రిలో, అదే మా కేజీహెచ్‌లో. శ్రీకాకుళం నుంచీ, మన్యం నుంచీ వచ్చినవాళ్ళు పంతొమ్మిదేళ్ళ పిల్లని పట్టుకుని "సిస్టరమ్మా" అనేవారు. ఒక రాత్రి సెలైన్ సీసా మార్చి కదలబోతుంటే ఒక ముసలాయన నా చెయ్యి వదల్లేదు. "కాసేపు కూకో తల్లీ" అన్నాడు. కూర్చున్నాను. తెల్లారేసరికి ఆయన లేడు. ఈ సేవకి దేవుని పిలుపు నాకు ఎప్పుడు మొదలైందని ఎవరడిగినా నాకు ఆ మంచమే గుర్తొస్తుంది.

ఇంగ్లండులో పద్దెనిమిదేళ్ళు వార్డుల్లో చేశాక, డ్యూటీలు మానకుండానే మూడేళ్ళు సాయంత్రాలూ శనివారాలూ వేదాంతం చదివాను. నర్సు రిజిస్ట్రేషన్ ఇప్పటికీ వదల్లేదు. మూడేళ్ళకోసారి దాన్ని నిలబెట్టుకోవాలంటే 450 గంటలు పని చేసి ఉండాలి, చేస్తున్నాను. అప్పటి మంచానికీ ఇప్పటి బల్లకీ మధ్య నాకు పెద్ద దూరం కనిపించదు.

అమ్మ రెండేళ్ళపాటు ఇరుగుపొరుగుకి నా అభిషేకం సంగతి చెప్పలేదు. "మా అమ్మాయి నర్సు" అనే అంటూ వచ్చింది. అది తెలిసి మా అమ్మాయికి కోపమొచ్చింది. "ఇక్కడివాళ్ళు వెనకబడి ఉన్నారమ్మా" అంది. ఫోన్ తీసి, ఆ నెలలోనే ఇంగ్లండు చర్చికి పెద్దగా, అంటే కాంటర్‌బరీ ఆర్చిబిషప్‌గా ఎంపికైన సారా ములల్లీ ఫోటో అమ్మమ్మకి చూపించింది. ఆవిడా నర్సేనని, 1999లో ఇంగ్లండు మొత్తానికి చీఫ్ నర్సింగ్ ఆఫీసరయ్యారని చెప్పింది.

నాకు అమ్మ మౌనం నొప్పించిన మాట నిజం. అయినా ఆ "వెనకబడి" అన్న మాట ఇంకా ఎక్కువ నొప్పించింది. రాత్రి మేడ మీద కూర్చోబెట్టి చెప్పాను. మన దక్షిణ ఇండియా సంఘం (సీఎస్‌ఐ) 1976లోనే ఆడవాళ్ళకి గురువులుగా అభిషేకమిచ్చింది. ఇంగ్లండు చర్చి 1994 దాకా ఇవ్వలేదు. మన నంద్యాలకి పుష్పలలితగారు 2013లో బిషప్పయ్యారు, ఇంగ్లండులో మొదటి మహిళా బిషప్ వచ్చింది 2015లో. పిల్ల కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి అమ్మమ్మకి ఇవేవీ తెలీదా?" అంది. తెలిసినా, తన కూతురి సంగతికొచ్చేసరికి లోకం ఏమంటుందోనన్న భయం వేరమ్మా అన్నాను. నన్ను వెనకేసుకురావడానికి అమ్మమ్మని చిన్నచూపు చూడొద్దని బతిమాలుకున్నాను. రెండు ఊళ్ళ మధ్య పిల్లని పెంచడంలో నేను పడే పాట్లలో ఇదే పెద్దది. నన్ను ప్రేమించడానికి అది ఇంకెవర్నో వదులుకోకూడదు.

తిరుగు ప్రయాణానికి ముందురోజు, ఎదురింటి మామ్మ కాలి పుండుతో వచ్చింది. సుగర్ ఉంది ఆవిడకి. "సిస్టరమ్మ వచ్చిందంట కదా, ఓపాలి చూడమ్మా" అంది. అరుగు మీద కూర్చోబెట్టి కడిగి కట్టు కట్టాను. పిల్ల గాజుగుడ్డ అందించింది. ఆసుపత్రికి తప్పకుండా వెళ్ళమని చెప్పి లేవబోతుంటే, లోపల్నుంచి అమ్మ వచ్చింది.

"ప్రార్థన చేసి దీవించమ్మా, ఆవిడకీ నాకూ" అని కొంగు తల మీద కప్పుకుని నా ముందు తల వంచింది.