వైన్ చేసేవాళ్లకు కొత్తది ఎందుకు ఎక్కదు, ఎవరికి ఎక్కుతుంది

ద్రాక్ష పెట్టినవాళ్లతోనూ, వైన్ పనిలో ఉన్నవాళ్లతోనూ మాట్లాడే కొద్దీ నాకు ఒక అభిప్రాయం గట్టిపడింది. కొత్త విషయం నేర్చుకునే దగ్గర ఆ మనిషి స్వభావం చేసేంత పని డబ్బూ చెయ్యదు, డిగ్రీ కూడా చెయ్యదు. మాది అనంతపురం. ఇంట్లో చీనీ తోట ఉంది, చుట్టాల్లో ద్రాక్ష రైతులున్నారు, మా చిన్నాన్న కొడుకు నాసిక్ దగ్గర ఒక వైనరీలో సెల్లార్ (వైన్ పులియబెట్టి నిల్వ చేసే చోటు) పని చేస్తాడు. వాడు ఫోన్లో చెప్పే సంగతులు, ఇక్కడ తోటల్లో నేను చూసేవి కలిపి రాస్తున్నా.

ముందు వాళ్ల తరఫున ఒక మాట. వైన్ చేసేవాణ్ణి మొండివాడని తేలిగ్గా అనేయొద్దు. నాసిక్ వైపు ద్రాక్షకు ఏప్రిల్లో ఒక కటింగ్, సెప్టెంబర్, అక్టోబర్లలో ఇంకో కటింగ్ చేసినా వైన్‌కి కాయ కోసేది జనవరి నుంచి మార్చి లోపల, ఏడాదికి ఒక్కసారే. పాతికేళ్లకు పనిలో దిగి అరవై దాకా చేసినా మొత్తం బతుకులో ముప్పై ఐదు పంటలే చూస్తాడు. సాంబారు ఈ రోజు చెడితే రేపు సరిచేసుకోవచ్చు, ఇక్కడ చెడితే మళ్లీ ఏడాది ఆగాలి, పైగా ఆ ట్యాంకులో ఉన్న సరుకు మీద అప్పు ఉంటుంది. అందుకని భయం ఉండటంలో తప్పేమీ లేదు. భయం ఉన్నా కూడా ఒక చిన్న ట్యాంకు పక్కన పెట్టి కొత్త పద్ధతి చూసేవాళ్లు కొందరుంటారు, చూడనివాళ్లు చాలామంది ఉంటారు. నాకు ఆసక్తి ఆ తేడా మీదే.

కేఎంఎస్ (పొటాషియం మెటాబైసల్ఫైట్) సంగతి చూడండి. వైన్ పాడు కాకుండా వేసే పొడి అది, దాన్నుంచి సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది. అది ఎంత పనిచేస్తుందనేది వైన్ పీహెచ్ (పులుపు ఎక్కువైతే తగ్గే, పులుపు తగ్గితే పెరిగే కొలత) మీద ఆధారపడుతుంది. పీహెచ్ 3.0 దగ్గర వైన్‌లో దేనితోనూ కలవకుండా మిగిలిన సల్ఫర్ డయాక్సైడ్‌లో దాదాపు 6 శాతం క్రిముల్ని అణిచే రూపంలో ఉంటుంది, 3.5కి వచ్చేసరికి 2 శాతం, 4.0 దగ్గర 1 శాతం కూడా ఉండదు. వేడి ప్రాంతాల్లో కాయ పండేటప్పుడు పులుపు తగ్గిపోతుంది, పీహెచ్ పైకి పోతుంది. అంటే ఎండలు ముదిరిన ఏడాది, పోయినేడు వేసినంతే వేస్తే చాలదు. ఇది కొలిస్తే గాని తెలియదు. కానీ "ముప్పై ఏండ్లుగా ఇంతే ఏస్తాండాం, మాకు తెల్దా" అనే మనిషికి పీహెచ్ మీటర్ ఇచ్చినా పెట్టెలోనే ఉంటుంది. అనుభవం ఎక్కువైన కొద్దీ ఈ మాట ఇంకా బలంగా వస్తుంది, నాకు బాధ కలిగించేది అదే.

ముక్కు విషయం ఇంకా కష్టం. బ్రెట్టనోమైసిస్ అని ఒక ఈస్ట్ ఉంది, అది పట్టిన రెడ్ వైన్‌కి గుర్రపుశాల వాసన, చెమట పట్టిన తోలు వాసన వస్తుంది. రోజూ అదే సెల్లార్లో తిరిగేవాడికి ఆ వాసన అలవాటైపోతుంది. చాలాచోట్ల దాన్ని తమ నేల గుణం అని గర్వంగా చెప్పుకున్నవాళ్లూ ఉన్నారు. బయటపడే సులువైన దారి ఒకటుంది. సీసాలకు గుడ్డ చుట్టి, పక్కవాళ్ల వైన్‌తో కలిపి, ఏది ఎవరిదో తెలియకుండా నలుగురి ముందు రుచి చూడాలి. నలుగురి ముందు తన వైన్‌కే తక్కువ మార్కులు పడితే తట్టుకోవాలి. పరువు కోసం ప్రాణం పెట్టే మనిషి దీనికి రాడు. ఎంత తెలివైనవాడైనా రాడు.

అందుకేనేమో బయటనుంచి వచ్చినవాళ్లకు ఈ పనిలో కొంత సులువు. సులా వైనరీ పెట్టిన రాజీవ్ సామంత్ అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో చదివి, ఒరాకిల్లో ఉద్యోగం చేసి, నాసిక్‌లో వాళ్ల నేల మీదికి తిరిగొచ్చాడు. 1997లో చెనిన్ బ్లాంక్, సావిన్యోన్ బ్లాంక్ అనే వైన్ ద్రాక్ష రకాలు నాటాడు, కాలిఫోర్నియా నుంచి కెర్రీ డాంస్కీ అనే వైన్‌మేకర్‌ని పిలిపించుకున్నాడు, 2000లో సులా మొదటి వైన్ వచ్చింది. డబ్బు, పరిచయాలు లెక్కలోకి రావని నేననను. కానీ "నాకిది తెలీదు, చెప్పండి" అనడానికి ఆయనకు అడ్డొచ్చే పాత పేరు ఏదీ లేదు. ఊరంతా పెద్దరైతు అని పిలిచే మనిషికి ఆ మాట నోటికి రావడం ఎంత కష్టమో మనకు తెలుసు.

వైన్ ద్రాక్షకు మారే రైతుకైతే నేర్చుకోవడం కంటే పాతది వదలడమే పెద్ద పని. తినే ద్రాక్షకు జీఏ (కాయ పెరగడానికి కొట్టే జిబ్బరెల్లిక్ యాసిడ్ మందు) కొట్టి కాయ లావు చేస్తాడు, తీగకు బరువు పెంచుతాడు, ఇన్నేళ్లూ అందుకే నలుగురూ మెచ్చుకున్నారు. వైన్‌కి చిన్న కాయ కావాలి, తక్కువ కాపు కావాలి. చేతులారా గుత్తులు కత్తిరించి కింద పడేయమంటే ఎవరి మనసు ఒప్పుకుంటుంది?

అమెరికాలో అయోవా రైతులు హైబ్రిడ్ మొక్కజొన్నకు ఎలా మారారో ర్యాన్, గ్రాస్ అనే ఇద్దరు 1943లో రాశారు. 259 మందిలో ఇద్దరు తప్ప అందరూ 1928 నుంచి 1941 లోపల మారారు. చదువు ఉన్నవాళ్లు, పట్నానికి ఎక్కువ పోయి వచ్చేవాళ్లు ముందు మారారు, అది నిజమే. కానీ విత్తనం సంగతి చాలామంది మొదట విన్నది సేల్స్‌మెన్ నుంచి, ఒప్పుకున్నది మాత్రం ఎక్కువగా పక్క రైతుల వల్ల. మా జిల్లాలో 2003 తర్వాత సబ్సిడీతో డ్రిప్ వచ్చినప్పుడు నేను చూసిందీ అదే. ఆఫీసర్ చెప్తే "చూస్తాం లేప్పా" అన్నవాళ్లే, పక్క చేన్లో అదే బోరు నీళ్లతో ఇంకో ఎకరా తడుస్తుంటే సాయంత్రం పోయి పైపులు తడిమి చూసేవాళ్లు. వాళ్లు నేర్చుకోరని నేనెట్లా అంటాను? ఎవరి దగ్గర నేర్చుకోవాలో వాళ్ల లెక్క వాళ్లకుంది.

ఇంకో గుణం ఉంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. రాసుకోవడం. మా తమ్ముడు వాళ్ల సెల్లార్లో ప్రతి ట్యాంకు చక్కెర శాతం, వేడి రోజూ ఒక నోటుబుక్కులో ఎక్కిస్తాడు, ఎవరూ అడక్కపోయినా. వాడికంటే చదువుకున్నవాళ్లు అక్కడున్నారు, కానీ రెండేళ్ల కింద ఒక ట్యాంకు పులియడం మధ్యలో ఎందుకు ఆగిందో వాడి పుస్తకంలో తప్ప ఎక్కడా లేదు. ఈ సీజన్ నుంచి ఒక చిన్న ట్యాంకు వాడికి వదిలేశారట. చల్లగా, నిదానంగా పులియబెట్టి చూస్తానంటున్నాడు, పక్కన అదే కాయతో పాత పద్ధతి ట్యాంకు కూడా ఉంచి. మార్చిలో రెండూ గుడ్డ చుట్టి రుచి చూస్తారట, వాళ్ల పెద్ద వైన్‌మేకర్ కూడా కూర్చుంటానన్నాడు.