రెండో బ్రాంచా, పక్కవాళ్ల వ్యాపారమా?

నేను చిన్న వ్యాపారాల లెక్కలు చూస్తుంటాను. ఏడాది చివర్లో లాభం కాస్త బాగా కనిపిస్తే చాలు, ఎదుటి కుర్చీలోంచి ఒకే ప్రశ్న వస్తుంది: "సార్, ఇక పెంచుదామా?"

వ్యాపారం పెరిగే దారుల గురించి మేనేజ్‌మెంట్ నిపుణుడు ఇగోర్ ఆన్సాఫ్ 1957లోనే ఒక పట్టిక వేశాడు. ఉన్న సరుకును ఉన్న మార్కెట్లోనే ఇంకా ఎక్కువ అమ్మడం, అదే సరుకుతో కొత్త మార్కెట్‌కి వెళ్లడం, పాత మార్కెట్‌కే కొత్త సరుకు తేవడం, రెండూ కొత్తగా మొదలుపెట్టడం. నాలుగోదానిలో రిస్క్ ఎక్కువ. అదేంటో గానీ నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి అదే నచ్చుతుంది! నా ఓటు మొదటిదానికే. చెప్పుకోవడానికి గొప్పగా ఉండదు, అంతే.

సొంతంగా పెరగడమంటే అప్పు లేకుండా, టెన్షన్ లేకుండా పెరగడం అనుకుంటారు. అలా ఏం కాదు. నెలకు 100 రూపాయల సరుకు అమ్ముతూ రెండు నెలల అరువు ఇస్తున్నారనుకోండి, ఎప్పుడూ 200 బయటే ఉంటుంది. అమ్మకం 150కి పెరిగితే బయట ఉండేది 300 అవుతుంది. లాభం పది శాతమైతే నెలకు వచ్చేది 15. అదనంగా ఇరుక్కున్న ఆ 100 పూడటానికి దాదాపు ఏడు నెలలు పడుతుంది. ఈలోపు జీతాలు ఆగవు కదా. లాభంలో ఉండి కూడా డబ్బు ఆడక మూతపడే వ్యాపారాలు ఉంటాయంటే చాలామంది నమ్మరు.

డబ్బు సర్దుకున్నా మనుషుల సమస్య మిగులుతుంది. కొత్తవాళ్లకు పని నేర్పాల్సింది పాతవాళ్లే కాబట్టి, ఏ సంస్థా తన అనుభవజ్ఞుల సమయాన్ని మించిన వేగంతో పెరగలేదని ఆర్థికవేత్త ఎడిత్ పెన్‌రోజ్ 1959లో వాదించింది. చిన్న వ్యాపారంలో ఆ అనుభవజ్ఞుడు సాధారణంగా ఒక్కడే, యజమాని. అందుకే రెండో బ్రాంచి అనగానే నేను అడిగేది: మీరు నెల రోజులు కనబడకపోతే మొదటిది నడుస్తుందా?

ఇక బయటి దారి: నడుస్తున్న ఇంకో వ్యాపారాన్ని కొనడం, లేదా కలుపుకోవడం. కస్టమర్లు, సిబ్బంది, లైసెన్సులు తయారుగా దొరుకుతాయనే ఆశ ఉంటుంది. కానీ కంపెనీ వాటాలు కొంటే దాని పాత బాకీలు, పన్ను నోటీసులు, కోర్టు కేసులు కూడా కంపెనీతోపాటే మన చేతికొస్తాయి. ఆస్తులు మాత్రమే కొంటే వీటిలో చాలావాటిని బయటే ఉంచవచ్చు, కాకపోతే లైసెన్సులు, ఒప్పందాలు మళ్లీ మన పేరున రాయించుకోవాల్సి రావచ్చు. గుడ్‌విల్ పేరుతో, అంటే వ్యాపారానికున్న మంచిపేరుకు, పెద్ద మొత్తం అడిగినప్పుడు, ఆ కస్టమర్లు వస్తున్నది బోర్డు చూసా, లోపల కూర్చున్న మనిషిని చూసా అన్నది ముందు తేల్చుకోవాలి.

మనిషిని చూసే అయితే, డబ్బంతా ఒకేసారి ఇవ్వొద్దంటాను. కొంత ఇప్పుడు, మిగతాది వచ్చే ఏడాది అమ్మకాలను బట్టి అని రాసుకోవచ్చు. ఆ ఏడాదీ అమ్మేవాళ్లు పక్కనే ఉండి పని అప్పజెప్పాలనే షరతు కూడా పెట్టమంటాను. "అబ్బే, నాకు ఉండటం కుదరదండీ" అన్నారా, బేరం అక్కడి నుంచి మళ్లీ మొదలు.