నలభై నాలుగేళ్ళ మనిషికి బొమ్మ కారు

మొన్న మా అన్నయ్యకి 44 నిండాయి. సాయంత్రం చుట్టాలు నలుగురొచ్చారు, ప్రేమగానే వచ్చారు. అందులో ఒకావిడ రిమోట్‌తో నడిచే బొమ్మ కారు తెచ్చి అన్నయ్య చేతిలో పెట్టి "ఆడుకో నాన్నా" అంది. అన్నయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి పక్కింటి ఐదేళ్ళ పిల్లాడికి ఇచ్చేశాడు. నేను కొన్న చేతి గడియారం పెట్టుకుని, వచ్చినవాళ్ళందరికీ చెయ్యి చాపి చూపిస్తూ కూర్చున్నాడు. తనకి టైము చూడటం రాదు. కానీ నాన్న చేతికి గడియారం ఉండేది, మా ఆయన చేతికి ఉంది, మగవాళ్ళు పెట్టుకునేది తనకీ ఉండాలి.

ఆవిణ్ణి తప్పుపట్టడానికి ఇది రాయట్లేదు. మా అన్నయ్యలా డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతోనే ఉండే మేధో వైకల్యం) ఉన్న మనిషి ఎన్నేళ్ళొచ్చినా పిల్లాడేనని, దేవుడి బిడ్డ అని చాలామంది అనుకుంటారు. ఆ మాటలో ఎంత ప్రేమ ఉన్నా, దానివల్ల మా అన్నయ్యకి జరిగిన నష్టం నేను ఇంట్లో ఉండి చూశాను. పిల్లాడు అనుకున్నప్పుడు పిల్లలకి చేసేవే చేస్తాం, ఆ వయసు దాటిపోయాక ఏం చెయ్యాలో ఎవరికీ తోచదు, అమ్మానాన్నలకి కూడా.

చిన్నప్పుడు నిజంగా బాగానే చేశారు. 1988లో అన్నయ్యకి ఏడేళ్ళప్పుడు నాన్న ఖమ్మం నుంచి సికింద్రాబాద్ తీసుకెళ్ళాడు. 1984లో కేంద్ర ప్రభుత్వం బోయిన్‌పల్లి దగ్గర మానసిక వికలాంగుల కోసం జాతీయ సంస్థ పెట్టింది, ఇప్పుడు దాని పేరు మారింది కానీ ఆ చోటుని మనోవికాస్ నగర్ అనే అంటారు. చొక్కా గుండీలు పెట్టుకోవడం ఎలా నేర్పాలో అక్కడ చెప్పింది అమ్మకి ఇప్పటికీ గుర్తు. పైనుంచి అన్ని గుండీలూ అమ్మే పెట్టి, ఆఖరి గుండీ కాజాలో సగం దూర్చి వదిలెయ్యాలి. ఆ సగం లాగడం ఒక్కటే అన్నయ్య పని. అది వచ్చాక ఆఖరి గుండీ మొత్తం, ఆ తర్వాత ఆఖరి రెండు. ఇలా వెనక నుంచి నేర్పితే, పని పూర్తిచేసింది నేనే అన్న సంతోషం ప్రతిసారీ ఆ పిల్లాడికే దక్కుతుంది. ఐదు గుండీలకి నాలుగు నెలలు పట్టిందట.

తర్వాత ఊళ్ళో ఒక స్పెషల్ స్కూల్లో వేశారు. 1999లో 18 నిండగానే ఇక కుదరదన్నారు. చట్టంలో కూడా ఉచిత చదువు 18 ఏళ్ళ వరకే. ఆ తర్వాత పదిహేనేళ్ళు అన్నయ్య టీవీ ముందు కూర్చున్నాడు. పొద్దున్నే తొందరలో గుండీలు అమ్మే పెట్టేసేది, అన్నం కలిపి పెట్టేసేది, చుట్టాలొస్తే లోపలి గదిలోకి పంపేసేవాళ్ళం. వాడకపోతే వచ్చిన పని కూడా పోతుంది. ముప్ఫై ఏళ్ళొచ్చేసరికి ఒళ్ళు రుద్దుకోవడం కూడా మర్చిపోయాడు. నేనప్పటికి పెళ్ళయి వెళ్ళిపోయాను, పండక్కి వచ్చినప్పుడు చూసి బాధపడి మళ్ళీ వెళ్ళిపోయేదాన్ని. అది ఇప్పటికీ నన్ను గుచ్చుతుంది.

2014లో నాన్న పోయాడు. తట్టుకోలేడని పెద్దవాళ్ళంతా కలిసి అన్నయ్యని రెండు వీధుల అవతల తెలిసినవాళ్ళింట్లో ఉంచేశారు. నాన్న ఏడీ అని అడిగితే "ఊరెళ్ళాడు" అని చెప్పారు. దాంతో ఏమైందంటే, ఆ తర్వాత ఇంట్లో ఎవరు ఊరెళ్తానన్నా అన్నయ్య సంచి లాక్కుని ఏడ్చేవాడు. తనకి అర్థమైంది అదే కదా, ఊరెళ్ళినవాళ్ళు తిరిగి రారు. నాలుగేళ్ళ తర్వాత నేనే శ్మశానానికి తీసుకెళ్ళి, నాన్న చచ్చిపోయాడు, ఇక్కడే కాల్చేశాం అని అవే మాటల్లో చెప్పాను. చాలాసేపు నేల మీద కూర్చున్నాడు. ఆ రోజే చెప్పి ఉంటే, అందరితో పాటు తననీ ఏడవనిచ్చి ఉంటే, ఆ నాలుగేళ్ళ భయం తప్పేది.

నాన్న అన్నయ్య పేరుమీద వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్ కోసం అమ్మ బ్యాంకుకి వెళ్తే మీ సంతకం చెల్లదన్నారు. కన్నతల్లిని కదా అంటే, 18 దాటితే చట్టం దృష్టిలో మేజరే, గార్డియన్ కాగితం తెమ్మన్నారు. అప్పుడు తెలిసింది మాకు నేషనల్ ట్రస్ట్ చట్టం గురించి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్ళ కోసం అది 1999లోనే వచ్చింది, సరిగ్గా అన్నయ్య స్కూలు ఆగిపోయిన ఏడాది. జిల్లా కలెక్టర్ అధ్యక్షతన లోకల్ లెవెల్ కమిటీ ఉంటుంది, 18 దాటినవాళ్ళకి గార్డియన్‌ని ఆ కమిటీయే నియమిస్తుంది. ఇది చదువుతున్నవాళ్ళ ఇంట్లో అలాంటి పిల్లలకి పదిహేడేళ్ళుంటే ఇప్పుడే కలెక్టరేట్‌లో అడగండి, బ్యాంకు వెనక్కి పంపేదాకా మాలాగా ఆగకండి. నిరామయ ఆరోగ్య బీమా కూడా దీని కిందే. లక్ష రూపాయల వరకు వస్తుంది, ముందు వైద్య పరీక్షలు అడగరు, పాత జబ్బులున్నా తీసుకుంటారు. సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఉందని ప్రభుత్వం ఇచ్చే కాగితం, ఉంటే పింఛను సంగతి మీకు తెలిసే ఉంటుంది. తెలంగాణలో 2023 నుంచి నెలకి 4,016 రూపాయలు, ఆంధ్రాలో 2024 నుంచి 6,000. ఆ డబ్బు ఒక మనిషిని చూసుకోవడానికి సరిపోదు, కానీ అన్నయ్య పేరున వచ్చే డబ్బు అది, దాన్ని తన కోసమే ఖర్చుపెట్టాలని అమ్మతో గట్టిగా చెప్పాను.

అమ్మావాళ్ళ వీధి చివర టిఫిన్ సెంటర్ ఉంది. దాని యజమానిని నేనే బతిమాలాను, వారం రోజులు చూడమని. అన్నయ్యకి ఐదు దాటి లెక్క రాదు. పార్శిల్ చట్నీ ప్యాకెట్లు పొద్దున్నే ఎన్ని కట్టాలో ఎలా తెలుస్తుంది? ఆయనే ఆలోచించి కోడిగుడ్ల ట్రే తెచ్చాడు. ఒక్కో గుంటలో ఒక్కో ప్యాకెట్, గుంటలన్నీ నిండితే ముప్ఫై అయినట్టు, ఇంకో ట్రే తీసుకోవాలి. ఏ ట్రైనింగూ లేని మనిషికి తట్టిన ఉపాయం అది. అన్నయ్య అక్కడ చేరి తొమ్మిదేళ్ళయింది. ఆరింటికి వెళ్ళి పదింటికి వస్తాడు, రోజుకి 150 రూపాయలు, శనివారం సాయంత్రం తన డబ్బుతో మిర్చి బజ్జీలు కొని అమ్మకి కూడా తెస్తాడు. గుండీలు మళ్ళీ తనే పెట్టుకుంటున్నాడు, పనికి చొక్కా వేసుకుని వెళ్ళాలి కదా.

2019లో ఉన్నట్టుండి పనికి వెళ్ళనన్నాడు. కంచం విసిరేశాడు, అమ్మని కొట్టాడు, రాత్రుళ్ళు నిద్రలేదు. చూపించిన డాక్టర్ పరీక్ష చెయ్యకుండానే "ఇలాంటివాళ్ళు వయసు మీదపడేకొద్దీ ఇలాగే మొండికేస్తారు" అని నిద్రమాత్ర రాశాడు. మూడు వారాలు మబ్బుగా పడి ఉన్నాడు. అన్నం ఎప్పుడూ ఎడమవైపే నములుతున్నాడని గమనించింది అమ్మ. పళ్ళ డాక్టర్ దగ్గర ఎక్స్‌రే తీస్తే కుడి దవడలో రెండు పళ్ళ కింద చీము పట్టి ఉంది. పళ్ళు తీసేసిన నాలుగో రోజు ట్రేల దగ్గరికి వెళ్ళిపోయాడు. నొప్పి అని చెప్పడం రాని మనిషి ప్రవర్తన మారిందంటే ముందు ఒళ్ళు చూడండి, నోరు, చెవులు, కడుపు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళకి థైరాయిడ్ సమస్య ఎక్కువ, ఏటా రక్త పరీక్ష చేయించాలి. నలభై దాటాక అల్జీమర్స్ కూడా మిగతావాళ్ళకంటే చాలా ముందే రావచ్చు. అందుకే ఇప్పుడు అన్నయ్య ఏ పని ఎలా చేస్తున్నాడో ఆర్నెల్లకోసారి ఫోన్‌లో వీడియో తీసి ఉంచుతున్నాను, మార్పు వస్తే పోల్చి చూసుకోవడానికి.

అమ్మకి 71. "నా తర్వాత వీడి గతేంటి" అని ఆవిడ అనని రోజు లేదు. నేనున్నాను కదా అంటే చాలదని నాకు తెలుసు. అన్నయ్యకి అమ్మ లేకుండా నిద్రపట్టదు, మా ఇంటి బాత్రూమ్ కొత్త, వేణ్ణీళ్ళు ఎంత వేడి ఉండాలో నాకు తెలియదు. ఒక నోట్‌బుక్ పెట్టాం. థైరాయిడ్ మాత్ర పరగడుపున, టపాకాయలంటే భయం, "ఊఁ" అంటే ఒప్పుకున్నట్టు కాదు, మళ్ళీ అడగాలి. అమ్మ చెబుతుంటే నేను రాస్తున్నాను, అరవై పేజీలైంది.

పోయిన నెల మొదటిసారి మూడు రాత్రులకని మా ఇంటికి తీసుకొచ్చాను. ఊరెళ్ళడమంటే తిరిగి రావడం కూడా అని తెలియాలని క్యాలెండర్‌లో మూడు గళ్ళు చూపించి, రోజుకొకటి కొట్టేద్దాం, మూడూ అయిపోతే అమ్మ దగ్గరికి అన్నాను. మొదటి రాత్రి బాగానే పడుకున్నాడు. రెండోరోజు పొద్దున నేను లేచేసరికి పెన్ను తీసుకుని మూడు గళ్ళూ తనే కొట్టేసి, చొక్కా గుండీలు పెట్టుకుని, గడియారం పెట్టుకుని, సంచితో గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. ఇంకా రెండు రోజులుంది అని వాదించలేదు. టిఫిన్ పెట్టి, పది గంటల బస్సుకి ఖమ్మం తీసుకెళ్ళి దింపాను. వచ్చే నెల రెండు గళ్ళే అని చెప్పి చూస్తాను.