మూడు మిల్లీమీటర్లు, ఒక దిక్సూచి

మా చర్చిలో ఆదివారం ఆరాధనకు బేస్ గిటార్ వాయిస్తాను. ఫెండర్ జాజ్ బేస్ నమూనాలో చేసిన చవక వాయిద్యం నాది. తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే పికప్‌లు దానికి రెండున్నాయి: ఒకటి మెడ (నెక్) వైపు, ఇంకొకటి తీగలు ఆనే బ్రిడ్జ్ దగ్గర. మొన్న వేసవిలో పాట మధ్యలో బ్రిడ్జ్ పికప్ మూగబోయింది. మిగిలిన నెక్ పికప్‌తో ఆరాధన ముగించాను కానీ స్వరాలన్నీ ముద్దగా కలిసిపోయాయి. పైగా ట్యూబ్‌లైట్ల వల్ల పుట్టే గుయ్యిమనే రొద ఒకటి.

ఇంటికి వచ్చి వైర్లు విప్పి మల్టీమీటర్ పెట్టాను. నెక్ పికప్ 7.3 కిలో ఓమ్‌లు చూపింది. బ్రిడ్జ్ పికప్‌కు రీడింగే రాలేదు. వెంట్రుక కన్నా సన్నని రాగి తీగను వేల చుట్లు చుట్టి చేస్తారు దీన్ని. లోపల ఎక్కడ తెగిందో వెతికి అతకడం నాకు సాధ్యం కాదు.

కొలవకుండానే కొత్త బ్రిడ్జ్ పికప్ ఒకటి తెప్పించాను. అసలు జాజ్ బేస్‌లో బ్రిడ్జ్ పికప్ నెక్ పికప్ కన్నా మూడు మిల్లీమీటర్లు పొడవు: నెక్‌ది సుమారు 92, బ్రిడ్జ్‌ది సుమారు 95. నా గిటార్‌లో మాత్రం పికప్‌లు కూర్చునే రెండు గుంటలూ 92కే తొలిచారు. ఉలితో కాస్త చెక్కితే సరిపోతుందని ఒక మిత్రుడు అన్నాడు. ఆ చెక్క మీద ఉలి పెట్టడానికి మనసొప్పలేదు. పికప్‌ను వెనక్కి పంపేశాను.

రొదను తనలోనే అణిచేసే రెండు చుట్టల పికప్ తీసుకుందామా అని చాలా రోజులు ఊగిసలాడాను. కానీ పక్కనున్న నెక్ పికప్ ఒంటి చుట్టదే కాబట్టి, దాని రొద దానికి ఉండనే ఉంటుంది. ఒంటి చుట్ట పికప్‌లు రెండూ అయస్కాంత ధ్రువాల్లోనూ చుట్టు దిశలోనూ ఒకదానికొకటి ఎదురుగా ఉంటేనే, రెండూ కలిపి వాయించినప్పుడు రొద రద్దై స్వరం నిలుస్తుంది. అందుకే పాతదానికి జత కుదిరే పికప్ కోసమే వెతికాను. అయస్కాంతం కూడా నెక్‌లో ఉన్నట్టే ఆల్నికో 5 (అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన ఒక మిశ్రలోహం) ఉండాలనుకున్నాను.

ధ్రువం తెలుసుకోవడానికి మా అమ్మాయి స్కూలు పెట్టెలోని దిక్సూచి పనికొచ్చింది. మరీ దగ్గరగా పెడితే సూది అయస్కాంతత్వమే తారుమారు కావచ్చు కాబట్టి, దూరం నుంచి మెల్లగా తెచ్చాను. నెక్ పికప్ పైభాగం సూది ఉత్తర కొనను లాగింది. అంటే కొత్తది దక్షిణ కొనను లాగాలి. దుకాణదారుకు ఫోన్ చేసి అడిగితే, “ఇది బ్రిడ్జ్‌కేనండీ, ఏదైనా ఒకటే” అన్నారు. నేను పట్టు విడవలేదు. ఆయన దిక్సూచి పెట్టి చూసి చెప్పాకే డబ్బు పంపాను.

కొత్త పికప్ తెల్ల వైరును వాల్యూమ్‌కు, నల్లదాన్ని గ్రౌండ్‌కు అతికి రెండు పికప్‌ల వాల్యూమ్‌లూ పూర్తిగా పెంచాను. మంద్రం మాయమైంది, స్వరం రేకు డబ్బా మోతలా పలచబడింది. గుండె జారింది. తయారీదారును బట్టి వైర్ల రంగులు మారతాయని అప్పుడు గుర్తొచ్చింది. ఆ రెండు వైర్లనూ అటూ ఇటూ మార్చి అతికాను. నిండైన స్వరం వచ్చింది, రొద ఆగింది. బ్రిడ్జ్ దగ్గర తీగల కదలిక తక్కువ కాబట్టి, ఆ పికప్‌ను నెక్ దానికన్నా కాస్త ఎత్తులో పెట్టాను.

ఒక వాల్యూమ్‌ను ఏమాత్రం తగ్గించినా రొద మెల్లగా తిరిగి వస్తుంది. అయినా నెమ్మది పాటల్లో నెక్‌ను కొంచెం తగ్గించే వాయిస్తున్నాను. బ్రిడ్జ్ పికప్‌లోని ఆ పదును నాకు అంత ఇష్టం.